ఖాళీ బండి తూకం

మాది కరీంనగర్. పదకొండేళ్లు లారీ నడిపి బతికినవాణ్ణి. ఆదిలాబాద్ మార్కెట్ యార్డు నుండి పత్తి, మా కరీంనగర్ క్వారీల నుండి గ్రానైట్ దిమ్మెలు, మంచిర్యాల నుండి సిమెంటు మోశాను. నడుము సహకరించక స్టీరింగు వదిలిన తరువాత, ఊరి శివారులోని ఒక ధర్మకాంటాలో గుమాస్తాగా చేరాను. బండి కాంటా మీదికి రావడం, బరువు చూడడం, చీటీ రాయడం, ఇదే నా పని. బరువు గురించి నాకు తెలిసినంత ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదన్న చిన్న గర్వం నాలో ఉండేది. ఆ గర్వాన్ని నా ఇంట్లోనే, పిల్లలు ఆడుకునే ఒక వీడియో గేము దించివేసింది. ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నా, నాలాంటి తండ్రులకు ఉపయోగపడవచ్చునని రాస్తున్నాను.

అల్లాహ్ నాకు ఇద్దరు కుమారులను ప్రసాదించాడు. పెద్దవాడు పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. చిన్నవాడు ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. క్రిందటేడు మొదటి సంవత్సరం ఫలితాలలో చిన్నవాడికి 470కి 462 మార్కులు వచ్చాయి. ఆ రోజు ఇంటికి వచ్చినవారందరికీ ఆ అంకె చెప్పాను. రానివారికి ఫోను చేసి మరీ చెప్పాను. పెద్దవాడు కూడా అక్కడే, దస్తర్‌ఖాన్ దగ్గర అందరికీ నీళ్లు అందిస్తున్నాడు. అప్పుడు నా నోటి నుండి ఒక మాట వచ్చింది: "చదువంటే వీడిది. పెద్దోడు కూడా ఇట్ల చదివితే నాకింత చింత ఎందుకుండేది?" వాడు తల వంచుకొని ఖాళీ జగ్గు పట్టుకొని లోపలికి వెళ్లాడు. ఆ మాట నేను మరిచిపోయాను. వాడు మరిచిపోలేదని తరువాత తెలిసింది.

ఇక ఆ గేము సంగతి. పెద్దవాడు తన సంపాదనలో మిగుల్చుకొని ఒక పాత ప్లేస్టేషన్ కొన్నాడు. మొదటినుండీ అది నాకు కంటగింపే. వారానికి ఒకరోజు, గురువారం ఇషా నమాజు తరువాత ఒక్క గంట, అంతకు మించరాదని షరతు పెట్టాను. వాళ్లు ఆడేది గ్రాన్ టురిస్మో అనే కార్ల పందెం. జపాను దేశంలో 1997 డిసెంబరులో మొదటిసారి వెలువడిన ఆట అది. ఇప్పుడు వచ్చినది ఏడవ భాగం. దొంగతనాలు, తుపాకులు, అశ్లీలం లేని ఆట కనుక అంతవరకు ఓర్చుకున్నాను.

మొన్న డిసెంబరులో ఒక గురువారం రాత్రి గంట దాటినా గదిలో నుండి కేకలు ఆగలేదు. పత్తి సీజను కావడంతో కాంటా దగ్గర పగలంతా బండ్ల వరుస చూసి అలసిపోయి ఉన్నాను. ప్లగ్గు పీకేద్దామన్న కోపంతోనే లోపలికి వెళ్లాను. లోపల ఇద్దరు అన్నదమ్ములు, నా తమ్ముడి కొడుకు వాదించుకుంటున్నారు.

"భయ్యా గెలిచేది నడపడం వచ్చి కాదు, ఆ బండి మంచిదయ్యి," అంటున్నాడు చిన్నవాడు. పెద్దవాడిది హోండా ఎన్ఎస్ఎక్స్. చిన్నవాడిది నిస్సాన్ జీటీ-ఆర్. రెండూ జపాను వారి సూపర్ జీటీ పోటీలలో 2008లో పరుగెత్తిన పందెపు కార్లకు గేములో చేసిన నకళ్లు. అదే నిజమైన పోటీలో మన దక్షిణాది డ్రైవరు నరైన్ కార్తికేయన్ 2019లో హోండా ఎన్ఎస్ఎక్స్ నడిపాడని తమ్ముడి కొడుకు చెప్పాడు.

"అబ్బా, మీరే తీర్పు చెప్పండి. మీరు బండ్లు నడిపినోళ్లు," అన్నాడు చిన్నవాడు. ప్లగ్గు పీకడానికి వెళ్లిన నేను మంచం అంచున కూర్చున్నాను. తీర్పు చెప్పమంటే ఏ తండ్రి కాదంటాడు?

పెద్దవాడు ఓపికగా వివరించాడు. జీటీ-ఆర్‌లో ఇంజను ముందు ఉంటుంది, అదీ ఎనిమిది సిలిండర్లది. ఎన్ఎస్ఎక్స్‌లో ఆరు సిలిండర్ల ఇంజను డ్రైవరు వీపు వెనుక, వెనుక చక్రాలకు ముందు, దాదాపు బండి నడుమ ఉంటుంది. బండి మొత్తం బరువులో తేడా స్వల్పమే. ఆ బరువు ఎక్కడ కూర్చున్నదన్నదే అసలు తేడా.

ఈ మాట నాకు వెంటనే అందింది. నిర్మల్ దాటిన తరువాత మహబూబ్ ఘాట్ ఎక్కిన లారీ డ్రైవరు ఎవరికైనా అందుతుంది. ఘాట్ మలుపుల్లో గ్రానైట్ లారీ ఒక తీరు, పత్తి లారీ మరో తీరు. దిమ్మె బరువైనదే, అయినా కింద కూర్చుంటుంది. పత్తి తేలికే, కాని పైకి పేరుకొని ఉంటుంది గనుక ప్రతి మలుపులోనూ బండిని ఊపుతుంది. కాంటా మీది అంకె ఒక్కటే చూసేవాడికి ఈ తేడా కనబడదు.

ఎన్ఎస్ఎక్స్ చురుకుదనాన్ని ఇంట్లోనే పరీక్షించి చూడవచ్చు. రెండు నిండు చెంబులు రెండు చేతుల్లో పట్టుకొని, చేతులు చాచి గిర్రున తిరగండి. తిరగడం మొదలుపెట్టడం కష్టం, ఆగడం కూడా కష్టం. అవే చెంబులను రొమ్ముకు హత్తుకొని తిరగండి, ఇట్టే తిరుగుతారు. బరువు నడుమకు దగ్గరగా ఉన్న బండి మలుపులోకి అంత త్వరగా తిరుగుతుంది. అయితే ఆ గుణంలోనే దోషం కూడా ఉంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటరు మీది కాలు ఒక్కసారిగా తీస్తే బరువు ముందుకు ఒరుగుతుంది, వెనుక చక్రాలకు పట్టు తగ్గుతుంది, బండి వెనుక భాగం జారిపోతుంది. జీటీ-ఆర్ అలా కాదు. మలుపులోకి వేగంగా వెళితే దాని ముక్కు మొండికేసి బయటికి లాగుతుంది. కాని తప్పు చేసినవాణ్ణి అంత సులభంగా బొంగరంలా తిప్పివేయదు.

"అయితే ఏది మంచి బండి?" అని అడిగాను.

"ఏ ట్రాకు మీద, అబ్బా?" అని వాడు తిరిగి అడిగాడు.

మా ఇంటి పోటీలలో తేలినది ఇది. ఫుజీ ట్రాకులో దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల తిన్నని బాట ఉంది, అక్కడ జీటీ-ఆర్‌ది పైచేయి. సుజుకా ట్రాకులో మొదట్లోనే పాములా మెలికలు తిరిగే మలుపులు వరుసగా వస్తాయి, అక్కడ ఎన్ఎస్ఎక్స్ ముందుకు పోతుంది. టొయోటా వారి సుప్రా కథ ఇంకొకటి. మామూలు రోడ్లమీద తిరిగే సుప్రా పేరుపొందినది మూడు లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజనుతో. కాని 1997లో జపాను చాంపియన్‌షిప్ గెలిచిన పందెపు సుప్రాలో టొయోటా వారు రెండు లీటర్ల, నాలుగు సిలిండర్ల టర్బో ఇంజను పెట్టారు. పెద్ద ఇంజను చేతిలో ఉండగా చిన్నది ఎందుకు? ముక్కు తేలిక కావడానికి. బలం ఒక్కటే చాలదని వారికి తెలుసు.

ఇంత వేర్వేరు బండ్లను ఒకే పందెంలో దింపితే న్యాయమేముంటుంది? దానికి గేము తయారుచేసినవారే ఒక ఏర్పాటు పెట్టారు. దానిని బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్ అంటారట. ఆ ఏర్పాటు ఎంచుకుంటే ఒక బండికి కాస్త శక్తి తగ్గిస్తారు, మరొకదానికి కాస్త బరువు పెంచుతారు. అన్నీ దగ్గర దగ్గరగా పరుగెత్తేలా సరిచేస్తారు. బండ్లన్నిటినీ ఒకే తీరుగా మార్చివేయరు. ఎన్ఎస్ఎక్స్ ఎన్ఎస్ఎక్స్‌గానే, జీటీ-ఆర్ జీటీ-ఆర్‌గానే ఉంటాయి.

చిన్నవాడికి ఇదంతా రుచించలేదు. "అయితే బండ్లు మార్చుకుందాం," అన్నాడు. మార్చుకున్నారు. ఫుజీ ట్రాకులో ఎన్ఎస్ఎక్స్ తీసుకున్న చిన్నవాడు రెండుచోట్ల భయపడి కాలు తీశాడు, రెండుసార్లూ గిర్రున తిరిగాడు. జీటీ-ఆర్‌తో పెద్దవాడే గెలిచాడు. గెలిచినవాడు వెంటనే ఏదో పట్టిక తెరిచి తన బండికి నలభై కిలోల బరువు ఎక్కించుకున్నాడు.

"ఇదేం పని?" అన్నాను.

"నియమం, అబ్బా. గెలిచినోడు మొయ్యాలె."

అప్పుడు తెలిసింది, ఇది వాళ్లు కల్పించుకున్న నియమం కాదని. జపానులో సూపర్ జీటీ పోటీలలో 2020లో నిజంగా ఉన్నదే. ఒక సీజనులో ఎనిమిది పందేలనుకుంటే, సాధించిన ప్రతి పాయింటుకు రెండు కిలోల చొప్పున తరువాతి పందెంలో బండికి బరువు ఎక్కించేవారు. అప్పట్లో పందెం గెలిస్తే ఇరవై పాయింట్లు, అంటే నలభై కిలోలు. పందెపు కారు బరువే సుమారు వెయ్యి కిలోలు. దాని మీద నలభై అంటే డ్రైవరుకు బ్రేకులో, మలుపులో, టైర్ల అరుగుదలలో ప్రతిచోటా తెలుస్తుంది. భారం యాభై కిలోలు దాటితే ఇంజనుకు అందే ఇంధనాన్ని కూడా కొంత బిగించేవారు. కనుకనే అక్కడి ప్రేక్షకులు, ఒక బండి ఆరో స్థానంలో వచ్చినా, ఎంత బరువుతో ఆరో స్థానంలో వచ్చిందని చూసేవారు. చాలా మోస్తూ ఆరోస్థానంలో వచ్చినవాడు, ఏమీ మోయకుండా మూడోస్థానంలో వచ్చినవాడికంటే బాగా నడిపి ఉండవచ్చు.

ఇందులో నన్ను ఆపిన మాట మరొకటి ఉంది. ఆ బరువు చివరివరకు ఉంచేవారు కాదు. ఆఖరుకు ముందరి పందెంలో సగం తగ్గించేవారు. ఆఖరి పందెంలో మొత్తం దించివేసేవారు. 2020 నవంబరులో ఫుజీలో జరిగిన ఆఖరి పందెం అలా ఎవరి మీదా బరువు లేకుండానే జరిగింది. ఆఖరి చుట్టులో ముందున్న సుప్రా గీత కనబడుతుండగా పెట్రోలు అయిపోయి నెమ్మదించింది. వెనుక వస్తున్న ఎన్ఎస్ఎక్స్ దానిని దాటి పందెమూ, ఆ ఏటి చాంపియన్‌షిప్పూ గెలిచింది.

తరువాతి పందెం మొదలైంది. నలభై కిలోలతో పెద్దవాడు, ఏమీ లేకుండా చిన్నవాడు. ఈసారి చిన్నవాడు కాలు తీయలేదు. బండి పొడవంత తేడాతో గెలిచాడు. నేను "షాబాష్ బేటా!" అన్నాను. పెద్దవాడు నవ్వి, "మంచిగ నడిపినవు," అని తమ్ముడి భుజం తట్టాడు. తన బరువు సంగతి ఎత్తలేదు.

ఎత్తినవాడు చిన్నవాడే. "లేదబ్బా, భయ్యా బండి మీద నలభై కిలోలున్నయి. అవి లేకుంటే నేను గెలుస్తుంటినా?" అన్నాడు. పదిహేడేళ్ల పిల్లవాడు, గెలిచిన సంతోషంలో ఉండి కూడా, ఆ లెక్క మరచిపోలేదు.

నేను లేచి బయటికి వచ్చాను. వుజూ నీళ్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

రెండేళ్ల క్రితం నా నడుముకు ఆపరేషన్ జరిగింది. ఆరు నెలలు మంచం. ఆ తరువాత కూడా రాత్రిళ్లు కూర్చోరాదని డాక్టరు చెప్పాడు. కాంటా యజమాని మంచివాడే గాని, పని ఆగితే జీతం ఆగుతుంది. అప్పుడు డిప్లొమా రెండో సంవత్సరంలో ఉన్న పెద్దవాడు, "రాత్రి డ్యూటీ నేను చేస్త," అన్నాడు. రాత్రి తొమ్మిది నుండి తెల్లవారుజాము వరకు, గురువారం ఒక్కరాత్రి మినహా. ఫజర్ నమాజు చేసుకొని ఇంటికి వచ్చి, రెండు గంటలు పడుకొని కాలేజీకి పోయేవాడు. నేను తిరిగి పగటి డ్యూటీలో చేరిన తరువాత కూడా అది ఆగలేదు. రెండు జీతాలు అలవాటయ్యాయి. చిన్నవాడి కాలేజీ ఫీజు అందులో నుండే కట్టాము. చిన్నవాడు రాత్రిళ్లు చదువుకున్న ఆ 462 మార్కుల వెనుక, పెద్దవాడు రాత్రిళ్లు రాసిన కాంటా చీటీలున్నాయి.

మరునాడు జుమా నమాజు తరువాత కాంటాకు వెళ్లాను. మొదటి బండి వచ్చింది, పత్తి ట్రాక్టరు. రైతు బరువు ఎంత అని అడిగితే, ఇరవై వేలసార్లు చెప్పిన జవాబే అలవాటుగా చెప్పాను: "ఖాళీ బండి తూకం తేలేదాక సరుకు తూకం చెప్పరాదు." చెప్పిన తరువాత ఆ మాట నాకే తగిలింది. నిండు బండిని తూచి, ఖాళీ బండిని తూచి, ఒకదానిలో నుండి మరొకటి తీస్తేనే అసలు లెక్క. ఇది తెలియనివాణ్ణి కాంటా మీద ఒక్కరోజు కూడా ఉంచరు. మరి నేను నా పిల్లలను రెండేళ్లు ఎలా తూచాను? ఎవరి మీద ఏమున్నదో చూడకుండా, పైకి కనబడిన ఒక్క అంకె చదివి తీర్పు చెప్పాను. అదీ పదిమంది ముందు.

దైవప్రవక్త (స) కాలంలో నుమాన్ బిన్ బషీర్ (రజి) గారి తండ్రి తన ఒక కుమారుడికి కానుక ఇచ్చి, దానికి సాక్షిగా ఉండమని కోరిన సంఘటన మనందరికీ తెలిసినదే. మిగతా పిల్లలకు కూడా అలాగే ఇచ్చావా అని ప్రవక్త (స) అడిగారు, ఇవ్వలేదని తెలిసి సాక్షిగా ఉండడానికి నిరాకరించారు. ఆ సంఘటన విన్నప్పుడల్లా నేను భూమి, నగలు, డబ్బు గురించే ఆలోచించేవాణ్ణి. పొగడ్త కూడా కానుకేనని, దాన్ని కూడా న్యాయంగా పంచాలని నాకు తోచలేదు. ఇచ్చే వాటిలోనే కాదు, మోయించే వాటిలో కూడా న్యాయం ఉండాలని అసలే తోచలేదు.

నిజానికి ఆ జపాను వారి నియమం మా ఇంటి పద్ధతికంటే ఎంతో దయగలది. అక్కడ ఎవరి మీద ఎన్ని కిలోలున్నాయో అందరికీ తెలిసేది, రాసి పెట్టేవారు. అందరికీ ఒకే నియమం. ఆఖరి పందెంలో దించేవారు. మా ఇంట్లో బరువు ఎవరూ రాయలేదు. ఒక్కడి మీదే పెట్టాము, ఎప్పుడు దించుతామో చెప్పలేదు. పైగా, వెనుకబడ్డావేమని వాణ్ణే అడిగాము.

పెద్దవాడికి ఆఖరి పందెం దగ్గరలోనే ఉంది. డిప్లొమా చదివినవారు ఇంజనీరింగు రెండో సంవత్సరంలో చేరడానికి రాసే ఈసెట్ పరీక్ష అది. ఆ రాత్రి వాడి అమ్మీతో మాట్లాడాను. ఆమెకు ఇదంతా ముందే తెలుసు. "మీరు అడుగుతరని చూస్తున్న," అన్నది, అంతే. లెక్కలు వేసుకున్నాము. రాత్రి డ్యూటీ మానిస్తే నెలకు తొమ్మిది వేలు తగ్గుతాయి. ఆమె కుట్టుపని కొంత పెంచుకుంటానన్నది. నేను నా మోటారు సైకిలు అమ్మివేసి కాంటాకు షేర్ ఆటోలో పోవడం మొదలుపెట్టాను. జనవరి మొదటి తేదీ నుండి రాత్రి కాంటాకు వేరే కుర్రవాడు వచ్చాడు. చిన్నవాడు తనంతట తానే, ఆదివారం పగలు నా బదులు కాంటాలో కూర్చుంటానన్నాడు. మొదటి ఆదివారం సాయంత్రం వచ్చి, "భయ్యా ఇది రాత్రిపూట ఎట్ల చేసిండబ్బా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఇంకొక బాకీ మిగిలింది. పదిమంది ముందు అన్న మాటను గదిలో రహస్యంగా వెనక్కి తీసుకుంటే సరిపోదు. ఈద్ రోజు తమ్ముళ్లు, మరదళ్లు, వాళ్ల పిల్లలు అందరూ మా ఇంట్లోనే షీర్ ఖుర్మాకు కూర్చున్నారు. అప్పుడు చెప్పాను: "పోయినేడు ఇక్కడే నేనొక మాటన్న. తప్పన్న. నేను మంచంల ఉన్నప్పుడు ఈ ఇల్లు నడిచింది పెద్దోడి రాత్రుల మీద. చిన్నోడి మార్కులల్ల కూడా వాని హిస్సా ఉన్నది." నా గొంతు పూర్తిగా సహకరించలేదు. పెద్దవాడు ఎప్పటిలాగే నీళ్ల జగ్గు పట్టుకొని నిలబడి ఉన్నాడు. "ఆ మాట పోనియ్యండబ్బా," అన్నాడు. కాని ఈసారి లోపలికి వెళ్లలేదు. నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

పరీక్ష వచ్చే నెలలో. ర్యాంకు ఎంత వస్తుందో అల్లాహ్‌కే ఎరుక. రెండేళ్లలో జారిన పాఠాలన్నీ నాలుగు నెలల్లో పట్టుకోవడం తేలిక కాదని నాకూ తెలుసు. బరువు దించినంత మాత్రాన అరిగిన టైర్లు కొత్తవి కావు. పరీక్ష అయ్యేదాకా ప్లేస్టేషన్‌ను వాడే బట్టలో చుట్టి అటక మీద పెట్టాడు. దానికి నేను ఏ షరతూ పెట్టలేదు.

సోదర సోదరీమణులారా, పిల్లలు ఆడే ఆటలన్నీ మంచివని నేను అనను. సమయాన్నీ, నమాజునూ మింగే ఆటలను ఆపవలసిందే. కాని ఆపడానికి ముందు ఒక్కసారి వాళ్ల పక్కన కూర్చొని, ఏమి ఆడుతున్నారో, ఏమి మాట్లాడుకుంటున్నారో వినండి. మన ఇళ్లలో ఇద్దరు ముగ్గురు పిల్లలుంటారు. ఒకరు దుకాణంలో కూర్చుంటారు, ఒకరు నానీమాకు మందులు చూసుకుంటారు, ఒక అమ్మాయి పొద్దున లేస్తూనే వంటింట్లో సగం పని మోస్తుంది. సాయంత్రం మనం అందరి మార్కులను ఒకే వరుసలో పెట్టి చదువుతాము. చదవడానికి ముందు, ఎవరి మీద ఎన్ని కిలోలు పెట్టామో మనసులో ఒకసారి రాసుకుందాము. దించగలిగినవి ఆఖరి పందానికి ముందే దించుదాము.

మా పెద్దవాడి కోసం మీ దువాలలో ఒక మాట చేర్చండి.